దేవుడు ఇచ్చిన మాట, ఇవ్వని మాట: దైనందిన విశ్వాసంలో దైవశాస్త్రం

దేవుడు ఎలాంటివాడు, ఏం చేశాడు, ఏం చేస్తానన్నాడు, మనిషి నుంచి ఏం కోరుతున్నాడు? ఈ ప్రశ్నలకు బైబిలు మొత్తాన్ని ముందు పెట్టుకుని పొందికగా జవాబు చెప్పుకునే ప్రయత్నమే దైవశాస్త్రం. ఇది సెమినరీలో చేరే పాస్టర్ల చదువనీ, మామూలు విశ్వాసికి ప్రార్థన, వాక్యపఠనం ఉంటే చాలుననీ సంఘాల్లో గట్టి అభిప్రాయమే ఉంది. అయితే జ్వరంతో ఉన్న బిడ్డ తల మీద చెయ్యి వేసి తల్లి ఏమని ప్రార్థిస్తుంది? జీతం రాగానే కానుక కవరులో ఎంత పెడతారు, ఏం ఆశించి పెడతారు? పొరుగింట్లో చావుకు వెళ్తే నోటికి ఏ మాట వస్తుంది? వీటన్నిటి వెనకా దేవుణ్ణి గురించిన ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్కను ఏనాడూ విప్పి చూడని ఇంట్లో కూడా అది పనిచేస్తూనే ఉంటుంది. పాటల్లోంచి, టీవీ ప్రసంగాల్లోంచి, పెద్దల మాటల్లోంచి, వాట్సాప్ క్లిప్పుల్లోంచి కొంచెం కొంచెంగా పోగవుతుంది. దాన్ని బయటికి తీసి లేఖనాలతో సరిచూసుకుంటే కలిగే లాభాల్లో పెద్దది ఒకటుంది: దేవుడు ఇచ్చిన మాట ఏదో, ఇవ్వని మాట ఏదో తేలుతుంది.

వాగ్దాన కార్డు మీది వచనం

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక చాలా తెలుగు సంఘాల్లో వాగ్దాన కార్డులు పంచుతారు. పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి ఒకటి తీసుకుని ఇంటికి తెచ్చి బీరువా తలుపుకో అద్దం అంచుకో అంటిస్తారు. ఆ కార్డుల మీద తరచుగా కనిపించే వచనం యిర్మీయా 29:11. దేవుడి ఆలోచనలు కీడుకు కావు, మేలుకే అని దాని భావం. డీఎస్సీ రాసే అమ్మాయి దాన్ని ఉద్యోగ వాగ్దానంగా తీసుకుంటుంది. వీసా కోసం ఎదురుచూసే అబ్బాయికి అది వీసా వాగ్దానం.

ఆ వచనం ఒక ఉత్తరంలోది. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజు యెహోయాకీనును, అధికారులను, కంసాలులను, పనివాళ్లను బబులోనుకు పట్టుకుపోయాడు. అలా పోయినవాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి రాసి పంపిన ఉత్తరమది. ఆ రోజుల్లోనే హనన్యా అనే మరో ప్రవక్త రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని దేవాలయంలోనే ప్రకటించాడు. జనానికి నచ్చే మాట అదే. యిర్మీయా డెబ్బై ఏళ్లన్నాడు. కార్డు మీది వచనానికి సరిగ్గా ముందు వచనంలోనే ఆ డెబ్బై ఏళ్ల గడువు ఉంది. అంటే ఆ ఉత్తరం మొదట విన్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే కన్నుమూయాలి. అందుకే ఉత్తరం ఇంకొంచెం పైన, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకుని పండ్లు తినండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని చెబుతుంది.

ఈ నేపథ్యం తెలిస్తే వచనం విలువ తగ్గదు. దేవుడు తన ప్రజల్ని వదిలిపెట్టడు, ఆయన ఉద్దేశం మనిషి ఆయుష్షు కంటే పొడవైనది అన్న మాట ఇంకా గట్టిగా నిలుస్తుంది. పోయేది ఫలానా నెలలో ఫలానా పని అవుతుందన్న పూచీ మాత్రమే. ఆ పూచీని నమ్ముకున్న కుర్రవాడికి వీసా రాకపోతే మిగిలేవి రెండే దారులు: దేవుడు మాట తప్పాడనుకోవడం, లేదా తన విశ్వాసం చాలలేదని కుమిలిపోవడం. ఉత్తరం మొత్తం చదివినవాడికి మూడో దారి కనిపిస్తుంది. రాని ఉద్యోగం కోసం జీవితాన్ని ఆపెయ్యకుండా ఉన్నచోటే ఇల్లు కట్టుకోవడం, తోట వేసుకోవడం. అక్టోబరులోనే వాగ్దాన కార్డులు అచ్చుకిచ్చే సంఘాలు వెనకవైపు ఖాళీగా వదిలే బదులు, ఆ వచనం ఎవరితో, ఏ సందర్భంలో పలికినదో రెండు వాక్యాలు వేస్తే ఖర్చేమీ పెరగదు.

జబ్బు, చావు

దైవశాస్త్రంలో పొరపాటు జరిగితే దాని దెబ్బ అన్నిటికంటే గట్టిగా తగిలేది రోగి మంచం దగ్గరే. పరామర్శకు వచ్చినవాళ్లు మెల్లగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంట్లో ఎవరైనా ఏదైనా దాచిపెట్టారా, ఒప్పుకోని పాపం ఉందా అని. అడిగేవారు చెడ్డవారు కారు. జబ్బు వెనక తప్పకుండా ఒక పాపం ఉంటుందన్న లెక్క వారిచేత అలా అడిగిస్తుంది. యోబు స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరులది కూడా ఇదే లెక్క. ఏడు రోజులు నేలమీద మౌనంగా కూర్చున్నంతసేపు వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చిక్కొచ్చింది. గ్రంథం చివర దేవుడు వాళ్లు తనను గురించి సరిగా మాట్లాడలేదని తీర్పు చెబుతాడు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డి మనిషిని చూసి శిష్యులు, పాపం ఇతనిదా తల్లిదండ్రులదా అని అడిగితే యేసు రెండూ కాదంటాడు.

విశ్వాసం ఉంటే జబ్బు నిలవదన్నది ఇంకో లెక్క. పౌలు అనుచరుల్లో తిమోతికి కడుపునొప్పి, తరచూ అనారోగ్యం. త్రోఫిమును రోగిగానే మిలేతులో వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఎపఫ్రొదితు చావు అంచుదాకా వెళ్లాడు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు అడిగాడు, అది తీయబడలేదు. వీళ్లలో ఎవరినీ అల్పవిశ్వాసి అని బైబిలు అనలేదు. అదే బైబిలు రోగి దగ్గరికి సంఘపెద్దలను పిలిచి, నూనె రాసి, ప్రార్థన చేయమని యాకోబు పత్రికలో చెబుతుంది. స్వస్థత కోసం అడగడం విశ్వాసి హక్కు. ప్రతి జబ్బూ ఇప్పుడే ఇక్కడే పోతుందన్న హామీ మాత్రం ఎక్కడా లేదు. శరీరం పూర్తిగా విడిపించబడటం ఇంకా ఎదురుచూడవలసిన సంగతి అని రోమా పత్రిక 8వ అధ్యాయం అంటుంది.

మందుల విషయంలో, చావు జబ్బు పడ్డ హిజ్కియా రాజు కథ చాలా ఉపయోగపడుతుంది. బాగవుతావని, ఇంకా పదిహేనేళ్లు బతుకుతావని దేవుడు యెషయా నోట స్పష్టంగా చెప్పించాడు. ఆ తర్వాత కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. మాట ఇచ్చిన చోటే మందూ వాడారు. ప్రార్థన కూటంలో సాక్ష్యం చెప్పాలన్న తొందరలో బిళ్లలు ఆపేసేవాళ్లు ఈ కథ దగ్గర ఆగాలి. మామూలు క్షయకు కనీసం ఆరు నెలలు మందులు వాడాలి. దగ్గు తగ్గిందని రెండో నెలలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది. ఇన్సులిన్ మీద ఆధారపడ్డవాళ్లు దాన్ని మానేస్తే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. స్వస్థత నిజంగా జరిగి ఉంటే డాక్టరు చేసే పరీక్షలో కూడా కనిపిస్తుంది, సాక్ష్యం అప్పుడు చెప్పినా ఆలస్యమేమీ కాదు.

చావు ఇంట్లో ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. మంచివాళ్లను దేవుడు తొందరగా తీసుకుపోతాడన్న మాట వినడానికి బాగుంటుంది కాని, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి దేవుణ్ణి దొంగగా చూపిస్తుంది. పౌలు మరణాన్ని శత్రువు అన్నాడు, చివరికి ఓడిపోయే శత్రువు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. థెస్సలొనీకలో అయినవాళ్లను పోగొట్టుకున్న విశ్వాసులను పౌలు ఏడవొద్దనలేదు, ఆశ లేనివాళ్ల లాగ ఏడవొద్దన్నాడు. ఆదరణ కూటంలో ప్రసంగించేవారికి ఈ మూడూ చాలు. వచ్చిన బంధువులను రక్షణలోకి నడిపించాలన్న ఆత్రంతో పోయినవారి మారుమనస్సు మీద అనుమానాలు రేపడం ఆదరణ కాదు.

కానుక కవరు

ఇంత విత్తితే అంత కోస్తారు, వెయ్యి వేస్తే పదివేలు వస్తాయి అనే బోధ తెలుగు ఛానళ్లలో కొత్తదేమీ కాదు. కానుకను విత్తనంగా చూపే ఈ పద్ధతికి 20వ శతాబ్దపు అమెరికా టీవీ సువార్తికుడు ఓరల్ రాబర్ట్స్ బాగా ప్రచారం కల్పించాడు. డబ్బుతో దేవుడి మేలు కొనొచ్చన్న ఆలోచన అంతకంటే పాతది. 1517లో జర్మనీలో టెట్జెల్ అనే సన్యాసి పాపశిక్ష తగ్గింపు పత్రాలు అమ్ముతుంటే, ఆ అమ్మకాలే మార్టిన్ లూథర్ 95 సిద్ధాంతాలకు ప్రేరణ అయ్యాయి. యూరపు చరిత్రను మలుపు తిప్పిన వాదం కానుకల దగ్గర మొదలైందన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి.

దశమభాగం గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా మలాకీ 3:10 చదువుతారు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం చివరి వచనాలు అంత తరచుగా వినపడవు. ప్రతి మూడో ఏట దశమభాగాన్ని ఊళ్లోనే కూడబెట్టి, భూమి లేని లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్లు కడుపునిండా తినేలా చూడమని అక్కడ ఉంది. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పౌలు చందాలు పోగుచేసినప్పుడు మాసిదోనియ సంఘాలు తమ పేదరికంలోంచే ఇచ్చాయి. ఇస్తే ధనవంతులవుతారని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ డబ్బు మోసుకెళ్లేటప్పుడు తన మీద ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఎన్నుకున్న మనిషిని పౌలు వెంట తీసుకెళ్లాడు. విత్తడం, కోయడం అన్న మాట కూడా ఈ చందా గురించి రాసిన 2 కొరింథీ 9వ అధ్యాయంలోదే. అక్కడ పంట అంటే మళ్లీ ఇవ్వడానికి సరిపడా ఉండటం. సంఘంలో జమాఖర్చులు అడగడం అవిశ్వాసం అనిపించుకుంటే, ఆ సంఘం పౌలు కంటే తనకు ఎక్కువ నమ్మకం ఉందని చెప్పుకుంటున్నట్టే.

పని, ఆదివారం, కులం

ఒక బోధ మనుషుల రోజువారీ బతుకును ఎంత మార్చగలదో ఒంగోలు చరిత్రలో చూడొచ్చు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆ ఏడాదే తోళ్ల వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి బాప్తిస్మం పొంది, తలకొండపాడులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ తనవాళ్లకు సువార్త చెప్పడం మొదలుపెట్టాడు. అదే సమయంలో పట్టణంలో కొందరు పై కులాలవారూ క్రైస్తవం వైపు మొగ్గుతున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని వాళ్లు తేల్చి చెప్పారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య హ్యారియెట్ వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ 1:26-29 కనబడిందని మిషను చరిత్రలు చెబుతాయి. లోకం నీచులనుకున్నవాళ్లను దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగమది. బైబిలును ఎక్కడో ఒకచోట తెరిచి నిర్ణయాలు తీసుకోవడం నేర్చుకోవలసిన పద్ధతి కాదు. అయితే ఆ పేజీలో ఉన్న బోధను వాళ్లు అక్షరాలా నమ్మారు. పట్టణపు పెద్దలు వెనక్కి వెళ్లారు, పల్లెలు ముందుకు వచ్చాయి.

చేరినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడటానికి చిన్నవే. కాని ఊరి కట్టుబాటు ప్రకారం చచ్చిన పశువును ఎత్తడం, దేవర జాతరకు డప్పు కొట్టడం, పిలిచిన రోజు పొలం పనికి పోవడం మాదిగల మీద ఉన్న బాధ్యతలు. ఆదివారం రాము అని ఒక కూలివాడు చెప్పడం ఆ రోజుల్లో ఆసామి మీద తిరుగుబాటుతో సమానం, దానికి తగ్గ వేధింపులూ వచ్చాయి. పది ఆజ్ఞలను ద్వితీయోపదేశకాండము రెండోసారి చెప్పేటప్పుడు విశ్రాంతి దినానికి చూపే కారణం ఇక్కడ ఆలోచించదగ్గది: మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, దేవుడు విడిపించాడు, కాబట్టి మీ దాసుడు, దాసి కూడా మీలాగే విశ్రమించాలి. ఆదివారం ఆరాధనకు వెళ్తూ ఇంట్లో పనిమనిషికి సెలవివ్వని కుటుంబం ఈ ఆజ్ఞలో సగమే చదివింది.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. గుంపులుగా జనం బాప్తిస్మం అడిగారు. అన్నం కోసం అడుగుతున్నారేమోనన్న జాగ్రత్తతో ఏడాదికి పైగా ఆయన ఎవరికీ ఇవ్వలేదు. సహాయ కార్యక్రమాలు ముగిసి, ఇక ఇచ్చేదేమీ లేదని అందరికీ తెలిశాకే ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె చరిత్రకెక్కింది. దానికి ముందు ఆపి ఉంచిన నెలల గురించి తక్కువగా చెప్పుకుంటారు. బాప్తిస్మం కూలి కాదు, కూలి బాప్తిస్మానికి ఎర కాదు అన్న స్పష్టత లేకపోతే ఆ నెలలు అలా గడిచేవి కావు.

కులం మీద పోరు అక్కడితో తీరలేదు. ఇప్పటికీ వివాహ ప్రకటనల్లో క్రైస్తవ కుటుంబాలు కులం పేరు వేస్తున్నాయి. కొన్నిచోట్ల మాల సంఘం, మాదిగ సంఘం వేరువేరుగా కూడుకుంటున్నాయి. దీన్ని ఆచారమనో సామాజిక విషయమనో పక్కన పెట్టడం తేలిక. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తినడం మానేసినప్పుడు పౌలు అందరి ముందూ నిలదీశాడు. పేతురు బోధలో ఏ తప్పూ లేదు, మారింది కూర్చునే బల్ల మాత్రమే. పౌలు దాన్ని సువార్తకే విరుద్ధమన్నాడు. కొరింథులో ప్రభువు బల్ల దగ్గర ఉన్నవాళ్లు ముందే తినేసి లేనివాళ్లను ఆకలితో ఉంచినప్పుడు కూడా ఆయన మర్యాద పాఠం చెప్పకుండా, అది ఎవరి శరీరమో గుర్తు చేశాడు.

ప్రార్థన ఎవరితో

త్రిత్వం, క్రీస్తు దైవత్వం వంటి మాటలు రోజువారీ బతుకుకు చాలా దూరమనిపిస్తాయి. 325లో నైసియా సభ తేల్చిన ముఖ్య విషయం ఇది: కుమారుడు సృష్టించబడ్డవాడు కాడు, తండ్రితో సమానమైన దేవుడే. అలెగ్జాండ్రియా సంఘపెద్ద ఏరియస్ దీన్ని కాదన్నాడు. ఈ తేడా మోకాళ్ల దగ్గర తెలుస్తుంది. కోపంతో ఉన్న తండ్రిని దయగల యేసు బతిమాలి ఒప్పిస్తున్నాడని లోలోపల అనుకునేవారి ప్రార్థన మెల్లగా మొక్కుబడిగా మారుతుంది: ఇన్ని ఉపవాసాలుంటే ఇది ఇస్తాడు, గొంతు పెంచి అడిగితే వింటాడు. కుమారుడు పంపబడింది తండ్రి ప్రేమ వల్లే అని తెలిసినవారు ఉపవాసముంటే అది ధర చెల్లించడం కాదు.

నేర్చుకునే మార్గం

దీనికి డిగ్రీ అవసరం లేదు. వచనం కాక అధ్యాయం, వీలైతే పుస్తకం మొత్తం చదవడం మొదటి అలవాటు. మార్కు సువార్తను ఒక ఆదివారం మధ్యాహ్నం ఒకే విడతలో చదివేయొచ్చు. ఏ వచనం తగిలినా ఇది ఎవరు, ఎవరితో, ఏ కష్టంలో చెప్పారు, యేసు వచ్చాక దీని సంగతి ఏమైంది అని అడగాలి. పైన యిర్మీయా ఉత్తరం దగ్గర జరిగింది ఇంతే.

సంఘం ఇప్పటికే కూడబెట్టిన ఆస్తి ఉంది. అపొస్తలుల విశ్వాస ప్రమాణం నోటికి వచ్చినవాళ్లు వారానికో వాక్యం తీసుకుని ఇంట్లో మాట్లాడుకోవచ్చు. లూథర్ చిన్న ప్రశ్నోత్తరి 1529లో ఇంటి యజమానులు పిల్లలకు నేర్పడానికి వీలుగా రాసింది. గుంటూరు ప్రాంతపు లూథరన్ కుటుంబాలకు అది కొత్త కాదు. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి మొదటి ప్రశ్నే బతుకులోనూ చావులోనూ ఆదరణ ఏమిటని. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కూడా ఇదే పని చేస్తాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు రాసిన పాటల్లో సిలువ గురించి, కృప గురించి ఉన్నంత బోధ ఇప్పటి పాటల్లో అన్నింటా ఉండదు. పాడే పాటలో నేను అన్న మాట ఎన్నిసార్లుంది, క్రీస్తు చేసిన పని ఎన్నిసార్లుంది అని లెక్కపెట్టి చూడటం యువకుల కూటానికి మంచి అభ్యాసం.

ప్రసంగం విన్న రోజే సాయంత్రం ఆ వాక్యభాగాన్ని మళ్లీ చదవాలి. బెరయవాళ్లు పౌలు చెప్పినదాన్నే లేఖనాలతో సరిచూసుకుని మెప్పు పొందారు. అనుమానం వస్తే పాస్టరు గారిని ఒంటరిగా, మర్యాదగా అడగాలి. అయ్యగారూ, ఈ మాట ఏ భాగంలో ఉందో చూపిస్తారా అన్న ప్రశ్నను నిజమైన కాపరి సంతోషంగానే తీసుకుంటాడు. అడిగినందుకు శాపం పెడతానని బెదిరించేవారి దగ్గర ఆ కుటుంబం ఎంతకాలం ఉండాలో ఆలోచించుకోవచ్చు.

చదువు పెరిగేకొద్దీ వచ్చే జబ్బు కూడా ఉంది. జ్ఞానం ఉప్పొంగజేస్తుందని కొరింథీయులకు పౌలు ముందే చెప్పాడు. దయ్యాలకు కూడా దేవుడు ఒక్కడేనన్న సిద్ధాంతం సరిగ్గానే తెలుసని యాకోబు గుర్తుచేశాడు. లేఖనాలను అర్థం చేసుకున్నామనుకున్నా దేవుణ్ణీ పొరుగువాణ్ణీ ప్రేమించడం పెరగకపోతే ఇంకా అర్థం కానట్టేనని అగస్టీను తన బైబిలు అధ్యయన గ్రంథంలో రాశాడు. అందుకని పోట్లాడదగ్గ సంగతులేవో, ఊరుకోదగ్గవి ఏవో వేరు చేసుకోవాలి. క్రీస్తు ఎవరు, రక్షణ ఎలా కలుగుతుంది, పేదవాడికి ప్రభువు బల్ల దగ్గర చోటుందా అన్నవి మొదటి రకం. రోమా 14లో తినేవి తాగేవి, ఆచరించే దినాలు రెండో రకంలోకి వెళ్లాయి. తెల్లబట్టలు వేసుకోవాలా, నగలు పెట్టుకోవచ్చా, క్రిస్మస్ చెట్టు పెట్టొచ్చా అన్న వాదాలు ఈ రెండో వరసలోవే. వీటి మీద ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్లు నడుచుకుంటూ, పక్కవాడి రక్షణ మీద తీర్పు చెప్పకుండా ఒకే సంఘంలో ఉండొచ్చు.